నా నుదుట వాళ్లు పెట్టిన బొట్టు

సోమవారం రాత్రి, నంద్యాల

"ప్యాకెట్ మీదున్నది నువ్వు కాదవ్వా, మా బ్రాండ్ ముఖం" అన్నావు ఫోనులో. కాదు సునీతా, అది నేనే. ముక్కు నాది, చీర నాది. బొట్టొకటే మీ కంపెనీది.

మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి చెల్లెలు మార్తమ్మ వచ్చి కారంపొడి ప్యాకెట్ బల్ల మీద పెట్టింది. "ఏందక్కా, మతమెప్పుడు మారితివి? పాస్టరయ్యకన్నా చెప్పినావా?" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. మొన్న సెలవులకొచ్చి "ఊరికే, నా దగ్గరుంచుకుంటా" అని నువ్వు తీసుకున్న ఫొటో అది. కింద "చదువెరగని సీమ అవ్వ చేతి కారం" అట! హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని.

సీమ అవ్వంటే జనానికి బొట్టే గుర్తొస్తుందన్నావు. జనం సంగతి సరే. నా ఒళ్లో కూర్చుని ప్రార్థన నేర్చుకున్నదానివి, నీకు గుర్తు రాలేదా ఈ నుదురు? పరాయివాళ్లయితే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు కాబట్టే...

ఇవన్నీ రేపు ఫోనులో అనలేను. ఇంతే చెబుతాను: శనివారం వచ్చేటప్పుడు గోళ్లరంగు చెరిపే మందు ఒక సీసా తీసుకురా. ఈ ఒక్క ప్యాకెట్ మీదైనా ఆ బొట్టు నీ చేత్తో నువ్వే తుడువు.