పోలయ్య చివరి బాణీ

తెనాలి, ఆగస్టు 1973, శనివారం

పోలయ్య పెద్దకర్మకు నిజాంపట్నం వెళ్లొచ్చాను. పన్నెండేళ్లు వాడు బాణీలు కట్టాడు, నేను మాటలు రాశాను. ఇద్దరం కలిసి మద్రాసు వెళ్లి పాటలు రికార్డు చేయించి వచ్చేవాళ్లం. బాణీ వినిపించేటప్పుడు వాడు మాటల చోట చేపల పేర్లు పెట్టి పాడేవాడు. నేను అవి తీసేసి వెన్నెలలూ విరహాలూ నింపేవాణ్ణి.

ఒకసారి అడిగాడు. "ఒక్క చరణంలో ఉంచరా, మావాళ్లు వింటారు."

"రికార్డులో చేపల కంపేంట్రా?" అన్నాను. నవ్వేశాడు. మళ్లీ అడగలేదు.

ఇవాళ బయల్దేరుతుంటే వాడి భార్య ఆపింది. "ఆస్పత్రిలో ఈ బాణీ కట్టారండి అన్నయ్యగారూ. మీకు వినిపించమన్నారు" అని పాడింది. చందువా, వంజరం, పండుగప్ప... చివరిదాకా చేపల పేర్లే. ఎక్కడా శ్రుతి తప్పలేదు.

"మాటలు రాస్తారు కదండి?" అంది. తలూపాను.

ఇంటికొచ్చి కాగితం తీశాను. పండుగప్ప చోట వెన్నెలమ్మ అతికినట్టు సరిపోతుంది. రాశాను, కొట్టేశాను. చేపలే ఉంటే రికార్డు ఎవరూ వెయ్యరు, తెలుసు. అయినా ఆ చేపల పేర్లే వరసగా రాసి, అడుగున రచన అని నా పేరు పెట్టుకునే చోట వాడి పేరు పెట్టాను.