రాతిమొహం సారు ఏమీ అనలేదు

గంగారాం బావా,

నువ్వు ఊళ్ళో కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. పైలోకంలో కూడా ఎవరినో ఆటపట్టిస్తూనే ఉంటావు.

ఇక్కడ దమ్మామ్‌లో మళ్ళీ జనాన్ని తగ్గిస్తున్నారు. సౌదీవాళ్ళను పెంచాలట, మనలాంటి బయటివాళ్ళకు కంపెనీ తలకింత లెవీ పన్ను కట్టాలట. పని నచ్చని ఏసీ మెకానిక్కులకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడమే అన్నారు. ఇవాళ సూపర్‌వైజర్ నన్ను గెస్ట్‌హౌస్‌లో నిలబెట్టి, ఇతని పనెలా ఉందని అక్కడుండే విదేశీ సార్లను అడిగాడు.

అమెరికా సారు పళ్ళన్నీ చూపించి "సూపర్!" అన్నాడు. మెస్సులో మాడిన పప్పుకూ అదే మాట కదా, ఎవరూ లెక్కచేయలేదు. జర్మనీ సారు ఏసీ వంక చూసి ఊరుకున్నాడు. మన రాతిమొహమే! "నవ్వితే పండ్లకు గూడ లెవీ పడ్తదని భయమేమోరా బావా" అనేవాడివి నువ్వు. సూపర్‌వైజర్ నా పేరు కొట్టేయడానికి పెన్ను తీశాడు. ఏసీ కిందే నాకు చెమటలు పట్టాయి. "ఒక్క మాట అను సారూ, నీ సొమ్మేం పోతది" అని లోపలే మొక్కుకున్నాను.

అమెరికా సారే పెన్ను ఆపాడు. "మా అమెరికావాళ్ళం ఊరికే పొగుడుతామని ఈ జర్మనీవాళ్ళు నవ్వుతారు. వీళ్ళేమో తప్పుంటేనే నోరు తెరుస్తారు. ఊరుకున్నాడంటే నచ్చినట్టే" అన్నాడు. జర్మనీ సారు అవునని తలూపాడు. నా ఉద్యోగం నిలిచింది.

కిందటిసారి నీ పని చూసి కూడా ఆ రాతిమొహం సారు ఏమీ అనలేదు బావా. ఆ సాయంత్రమే నీకు ఎగ్జిట్ కొట్టారు.