థీసిస్ టైపింగ్ బోర్డు

తార్నాక

తమ్ముడూ రాంచందర్,

ఇంటి పన్ను ఎందుకు పెరిగిందో తెలిసింది. కొత్తగా లెక్కగట్టడానికి వచ్చినవాళ్లు గేటు మీద మీ బావ రాసిన ‘థీసిస్ టైపింగ్’ బోర్డు చూసి ముందుగదిని దుకాణమని రాసుకున్నారు. ఆ గదిలో నా మంచం, బియ్యం డబ్బా తప్ప ఏమున్నాయి! ఆయన పోయి నాలుగేళ్లయినా బోర్డు తీయడానికి మనసు రాలేదు. ఇప్పటికీ యూనివర్సిటీ పిల్లలు అది చూసి తలుపు కొడితే మంచినీళ్లిచ్చి పంపుతాను.

అప్పీలు పెట్టాను. గురువారం గది చూసి సరిచేస్తారట. "బోర్డు పారెయ్యాల్నా సార్?" అని అడిగాను.

"ఎందుకమ్మా, లోపల పెట్టుకోండి. ఇంట్లున్న బోర్డుకు పన్ను వెయ్యం" అన్నాడు ఆఫీసరు.

బుధవారం పానా తీసుకుని రా. మెల్లగా విప్పాలి, అక్షరాల రంగు ఊడకూడదు. ముందుగదిలో మేకు నేనే కొట్టి ఉంచాను.

అక్క