దిగని రేవు

మార్చి 12, గురువారం

ఓ పేజీ, ముందుగా నా సాష్టాంగ క్షమాపణ. సముద్రం మీద కనీసం నాలుగు గంభీర వాక్యాలు రాసి నిన్ను తరింపజేయాల్సినవాణ్ణి, బీకాం సెకండ్ క్లాస్ పట్టభద్రుణ్ణి, దిండు గలీబుల గురించి రాయబోతున్నాను. ఈ ఘోరానికి పూర్తి బాధ్యత ఓడది. నేను నిర్దోషిని.

పైన ప్రయాణికులు సముద్రం చూస్తారు. మా లాండ్రీ నీటిమట్టానికి కింద... కిటికీ లేదు. సముద్రం ఉందని చెబుతారు, నమ్ముతాం.

ఆదివారం సింగపూర్. పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా. అన్నయ్య అక్కడే షిప్‌యార్డులో వెల్డరు. చూసి నాలుగేళ్లు. ఆ తర్వాత ఓడ సూయజ్ కాలువ దాటి యూరప్ పోతుంది — మళ్లీ ఇటు రాదు.

మార్చి 13

అన్నయ్య ఫోన్. ఆదివారం సెలవు దొరికిందట. తన రూములో ఉండే మా ఊరివాళ్లిద్దర్నీ కూడా తెస్తాడట, చూపించడానికి. ఓడని కాదు. నన్ను.

"ఆఫీసరు తమ్ముణ్ని సూపిస్తానని సెప్పీసేన్రా. ఆ తెల్ల బట్టల్లోనే దిగు."

చరిత్రకారుల సౌకర్యార్థం: నవంబరులో ఇస్త్రీకొచ్చిన ఒక ఆఫీసరు యూనిఫాం నా ఒంటికి అతికినట్టు సరిపోయింది. తప్పు దర్జీది. ఒక్క ఫోటో తీసుకుని అమ్మకి పంపాను, నవ్వుతుందని. అమ్మ నవ్వలేదు. ఫ్రేము కట్టించింది.

మార్చి 14

డ్యూటీ లిస్టు గోడకెక్కింది. రేవులో ఆగినా కొందరు ఓడలోనే ఉండి తీరాలి, నిప్పో నీరో ముంచుకొస్తే చూసుకోడానికి. అందులో నా పేరు. ఆహా విధి.

నా కేబిన్‌లో ఉండే గోవా జోసెఫ్ దిగుతున్నాడు. పొద్దుట్నుంచీ నా మీద వల్లమాలిన ప్రేమ. అడక్కుండానే టీ తెచ్చిచ్చాడు.

అన్నయ్యకి చెప్పాను.

"ఆఫీసర్లకి కూడా ఏస్తారేట్రా డ్యూటీలు?"

ఆఫీసర్లకే వేస్తారన్నాను. సరే, ఒడ్డునుంచే చూస్తాను, మధ్యాహ్నం పైకొచ్చి నిలబడు అన్నాడు.

మార్చి 15, ఆదివారం, పొద్దున్న

ఓడ కట్టేశారు. ఇంజను చప్పుడు మారితే మాకు తెలుస్తుంది. జోసెఫ్ సెంటు పూసుకుని వెళ్లాడు, హాకర్ సెంటర్లో, అదే అక్కడి తిండి కొట్ల సందడిలో, చికెన్ రైస్ తింటాడట. నాకు తువ్వాళ్లు. ట్రాలీ తర్వాత ట్రాలీ.

అన్నయ్య మెసేజ్ — యూ టీ స్టేషన్లో ట్రైన్ ఎక్కేం, ముగ్గురం.

మధ్యాహ్నం

పది నిమిషాలు అడుక్కుని పైకెళ్లాను, సిబ్బంది తిరిగే డెక్కు మీదికి. ఎండకి కళ్లు మూసుకుపోయాయి. తెరిస్తే, అవతల పడవల రేవు, దాని మేడ మీద ముగ్గురు మనుషులు. మధ్యలో అన్నయ్య. చిక్కిపోయాడు. భుజం ఒకటి కిందికి జారినట్టు నిలబడతాడు, అలాగే ఉన్నాడు.

చెయ్యి ఊపుతున్నాడు. నాకు కాదు.

నాకు రెండంతస్తుల పైన ఎవరో ఆఫీసరు, తెల్లటి యూనిఫాంలో, రెయిలింగ్ పట్టుకుని. అన్నయ్య రెండు చేతులూ ఎత్తి ఊపాడు. పక్కవాళ్ల వీపులు చరిచి మరీ చూపించాడు. పైనున్న ఆ పెద్దమనిషి, మర్యాదస్తుడు, తనూ చెయ్యెత్తాడు.

నేను బూడిదరంగు చొక్కాలో. చెయ్యి జేబులో. తియ్యలేదు.

సాయంత్రం

ఓడ కదిలింది. మెసేజ్.

"సూసేన్రా నిన్ను. ఈళ్లిద్దరూ కూడా సూసేరు. లావయ్యేవు. అమ్మకి సెప్తాను."

మార్చి 16, సోమవారం

జవాబు ఇవ్వలేదు. మూడుసార్లు టైప్ చేశాను, మూడుసార్లు చెరిపేశాను. సిగ్నల్ ఇంకాసేపు ఉంటుందంటున్నారు...

ఒక్కటి, ఇక్కడే. లిస్టులో నా పేరున్నచోట మొదట ఉన్నది జోసెఫ్ పేరు. నీ బదులు నేనుంటానని వాణ్ణి నేనే అడిగాను. సూపర్‌వైజర్ దగ్గర పెన్ను తీసుకుని, వాడి పేరు కొట్టేసి, నాది రాసింది నేనే.