మగ్గం గుంటలో పాతిన శంకుస్థాపన రాయి

మునిసిపల్ కమిషనర్ గారి సముఖమునకు
తేది: 20-8-2007

అయ్యా,

విషయం: పాత షాపింగ్ మాల్, 7వ నంబరు షాపులో, నా మగ్గం గుంటలో పాతిన శంకుస్థాపన రాయిని ఎనిమిది రోజుల కొరకు తొలగించుట గురించి.

తమకు విన్నవించునది ఏమనగా,

1. సదరు మాల్‌లో గిరాకీ లేక షాపులన్నీ మూతబడినందున, 7వ నంబరు షాపును మగ్గం కొరకు ఆరేండ్ల కింద తమ కార్యాలయమే నాకు ఇచ్చినది. నేసేవాడు కాళ్లు కిందికి దించి తొక్కుడు కర్రలు తొక్కవలెను గనుక, నేల తవ్వి గుంట చేసుకొంటిని. అనుమతి పత్రము నకలు జతపరచడమైనది.

2. మునిసిపాలిటీ వారు, ప్రైవేటు కంపెనీ వారు కలిసి పాత మాల్ కూలగొట్టి కొత్తది కట్టుదురని నోటీసు అందినది. నవంబరు దాకా గడువున్నది. మాల్ గురించి నాకు అభ్యంతరము లేదు. రాయి గురించి ఉన్నది.

3. ఈ నెల 17న, శ్రావణ శుక్రవారము, భూమిపూజకు తమరు, కంపెనీ ఇంజనీరు శ్రవణ్ కుమార్ గారు దయచేసిరి. మాల్ వాకిట్లో సిమెంటు నేల గడ్డపారకు లొంగలేదు. ముహూర్తము దాటిపోతున్నదని పంతులు గారు తొందరపెట్టగా, ఇంజనీరు గారు నా షాపులోకి తొంగి చూసి, "ఇగో, గుంట తవ్వే ఉంది! పసుపు కుంకుమ కూడా పెట్టిండ్రు" అని కేక వేసిరి. ప్రతి శుక్రవారము మగ్గం గుంటకు పసుపు పెట్టుట మా ఇంటి ఆచారము. పెట్టినది నేను.

4. ఇందులో నా తప్పు కూడా కలదు, దాచను. ఇంతమంది పెద్దలు నా మగ్గానికి పూజ చేయ వచ్చినారని మురిసిపోయి, నేనే పళ్లెము పట్టితిని. కొబ్బరికాయ నాదే. తొక్కుడు కర్రలు పైకి కట్టమంటే కట్టితిని. అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టితిని. రాయి, సిమెంటు తట్ట వచ్చేదాకా నాకు తెలివి రాలేదు. "సార్, గాడ నా కాళ్లు పెట్టుకుంట" అంటిని. "ఇప్పుడు దాని మీద కమిషనర్ సార్ పేరుంది. కాళ్లు తగలొద్దు" అని ఇంజనీరు గారు సెలవిచ్చిరి.

5. మగ్గం మీద సగం నేసిన చీర కలదు. అది అమ్మకానికి కాదు, నా భార్య సాయమ్మకు. ముప్పై ఏండ్లు నూలు కండెలు చుట్టి ఊరందరి చీరలకు చేయి వేసినది, తనకు మాత్రము పట్టంచు చీర ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదయ్యా. ప్రస్తుతము కర్నూలు కంటి దవాఖానలో ఉన్నది. 31న కట్టు విప్పుదురు. మొదట ఆ చీరనే చూడవలెనని నా ఆశ. ఇంకా ఎనిమిది రోజుల పని ఉన్నది.

కావున రాయిని తీయించి ఎనిమిది రోజులు నీడపట్టున పెట్టించినచో, చీర నేసి మగ్గం నుంచి కోసిన మరుక్షణము నేనే యథాస్థానమున పాతి, పసుపు పెట్టి అప్పగించెదను. కొబ్బరికాయ ఈసారి కూడా నాదే. ఇది చిత్తగించి, ముందు రాయి ఎత్తించవలెను.

తమ విధేయుడు,
కాళ్లు ముడుచుకొని కూర్చున్న
కురుమూర్తి, చేనేత కార్మికుడు

మరొక్క మాట: సార్, నిన్న సాయమ్మ దవాఖాన నుంచి ఫోన్ చేసింది. "చీర ఎందాక వచ్చింది?" అనడిగితే, "అయిపోతుంది, ఒక్కరోజు కూడ ఆపలే" అని అబద్ధం చెప్పిన. మగ్గం ఆగిన కాడ నేతలో గీత పడ్తది సార్. సాయమ్మకు కండ్లతోని పని లేదు, వేలు పెట్టి చెప్తది. కట్టు విప్పకముందే దొరికిపోత. జర రేపే తీయించుండ్రి.