పందిరి గుంతలు

నస్పూర్, 1965

మల్లక్కకు,

మా ఆడబిడ్డ పెళ్లి పందిరికి మరిది సారయ్య నిన్న ఇంటి ముందు గుంతలు తవ్వబోయాడు. కాలనీకి కరెంటు తీగ భూమిలోంచే వస్తుందని గుర్తొచ్చి నేను అతని గడ్డపార పట్టుకుని ఆపాను.

"జర ఆగు, లైన్‌మన్‌ను అడుగుదాం."

"పందిరికి గూడ పర్మిషనా?" అని అత్త నవ్వింది.

లైన్‌మన్ వచ్చి, సారయ్య నిలబడ్డ చోటి మీదుగానే సున్నంతో గీత గీశాడు. "గీడ గడ్డపార దిగితే పాణం పోతది. దూరంగ పాతుండ్రి" అన్నాడు. అత్త సారయ్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దూరమంటే పక్కింటి తారాబాయి వాకిలే. ఆమెతో అత్తకు ఎప్పటినుంచో మాటల్లేవు. అయినా అత్తే వెళ్లి అడిగింది.

"పిల్ల మీ ఒక్కలదేనా? ఏసుకోండ్రి" అన్నది తారాబాయి.

ఇప్పుడు ఇద్దరూ కలిసి అరిసెలు వండుతూ నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వడం లేదు. నువ్వు త్వరగా వచ్చి నా పక్షాన నిలబడు.

నీ చెల్లెలు