అమ్మ గొంతుకు తాళం

సారో మేడమో, ఎవరు సదివితే వాళ్లకు, సూర్యాపేట నుంచి సాంసన్ నమస్తే.

నేను తోపుడు బండి మీద ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు అమ్ముత. నాకు సిగ్గెక్కువ. గల్లీల అరవాలంటే నోరు పెగలదు. ముందుగాల మా అమ్మ జానమ్మ బండెంట నడుసుకుంట అరిసేది, నేను తూకమేసేటోన్ని. పోయినేడు అమ్మకు కోదాడల పిల్లల హాస్టల్ల వంటపని దొరికింది. పోయేముందు నా మైకు డబ్బాల రికార్డు చేసిచ్చింది. "ఉల్లిగడ్డమ్మా ఉల్లిగడ్డ! కోస్తే నువ్వేడుస్తవ్, కొనకపోతే నేనేడుస్త!" అని. గా అరుపుతోనే నా బండి నడుస్తుంది.

మొన్న అమ్మ ఫోన్ జేసింది. "ఒరేయ్, నేను గీడ బియ్యం కడుగుతుంటే బయట రోడ్డు మీద నేనే అరుస్తున్ననేందిరా?" అన్నది. ఎవడో అమ్మ అరుపు కాపీ కొట్టి కోదాడల తిప్పుతుండు. వానియన్నీ కుళ్లిన గడ్డలు. కొన్నోళ్లు గొంతు గుర్తువట్టి హాస్టల్ గేటు కాడికొచ్చి అమ్మతోని కొట్లాడుతున్రు. "నెలాఖరు ఆదివారం ఇంటికొస్త. అప్పటిదాంక వాని నోరు మూయించకపోతే నీ డబ్బాల రికార్డు తుడిపేస్త. ఇగ నువ్వే అరుసుకో" అన్నది.

నేను అరవలేను. కాపీ కొట్టేటోళ్లను పట్టనీకి గవర్నమెంటు ఈ నంబరు పెట్టిందని టీకొట్టు గోడ మీద పోస్టర్ల సూసిన. జర వాన్ని ఆపుండ్రి.

మీ సాంసన్

మర్చిపోయిన: గడ్డలు దించే కాడ ఒకాయన అమ్మ అరుపున్న పెన్‌డ్రైవ్ జరసేపు అడిగితే నేనే ఇచ్చిన. వద్దననీకి సిగ్గయింది. ఇంకోటి, ఫోన్ చేయకుండ్రి, ఎత్తను. మాట్లాడితే టైపయ్యే బటన్ ఉన్నదంట గని నలుగురు ఇంటరని ఒత్తను.

*

శ్రీ సాంసన్ గారికి, డిజిటల్ నకళ్ల నివారణ సహాయ కేంద్రం నుండి లత నమస్కారాలు.

మీ ఫిర్యాదు అందింది. నియమాల ప్రకారం పరిశీలించగా, సదరు అరుపుపై హక్కు శ్రీమతి జానమ్మ గారిదని తేలింది. ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా ఆ గొంతును రోజూ వ్యాపారానికి వాడుతున్నట్లు మీరే ఒప్పుకున్నారు. కాబట్టి మొదటి నోటీసు మీకు పంపుతున్నాం. కోదాడ వ్యక్తి పేరు, చిరునామా తెలియనందున అతనికి పంపలేకపోతున్నాం. జానమ్మ గారి అభిప్రాయం కోరుతూ ఆమెకు కూడా విడిగా రాశాం.

పరిశీలన కోసం సదరు రికార్డు మూడు కాపీలు సమర్పించగలరు.

భవదీయురాలు,
లత

తా.క.: మా కార్యాలయం నుండి మీకు పలుమార్లు ఫోన్ చేశాం. మీరు ఎత్తలేదు. ఫోన్ చేయవద్దన్న మీ మాట ఆ తర్వాత చదివాం.

*

లత మేడం గారికి, నోటీసు అందుకున్న సాంసన్ నమస్తే.

దొంగ కోదాడల ఉంటే నోటీసు నాకొచ్చిందేంది మేడం? నా అడ్రసు దొరికిందనా?

మీ కాగితం హాస్టల్ వార్డెన్ సారు అమ్మకు సదివి వినిపిచ్చిండంట. అమ్మ ఫోన్ల ఒకటే తిట్లు. "నా గొంతు నా కొడుకు వాడుకుంటే నీకేమన్న అభ్యంతరమా అని అడుగుతున్రు. పుట్టినకాడికెల్లి నా అన్నం తింటున్నడు, దానికి కూడ కాగితం రాసియ్యాల్నా?" అన్నది. తర్వాత రాసిచ్చింది. ఫోటో పెట్టిన సూడుండ్రి. "నా కొడుకు సాంసన్ వాడుకోవచ్చు. ఇంకెవ్వడు వాడినా చెప్పుతోని కొడత. ఇట్లు జానమ్మ." వార్డెన్ సారు రెండో మాట తీసేద్దామన్నడంట. అదే ముఖ్యమన్నదంట అమ్మ.

కాపీలు కొట్టొద్దనే ఆఫీసు మూడు కాపీలు కొట్టి పంపమంటే నాకు పరేషానయింది.

మీ సాంసన్

మర్చిపోయిన: కోదాడోడు ఒక్కటే కొట్టిండు మేడం.

*

శ్రీ సాంసన్ గారికి, లత నమస్కారాలు.

జానమ్మ గారి అనుమతిలో మొదటి వాక్యాన్ని ఆమోదించాం. రెండవ వాక్యం మా పరిధిలోకి రాదు.

కార్యాలయానికి ఇచ్చే కాపీలు నకళ్ల కిందికి రావు. అయినా మీ సందేహాన్ని పైఅధికారులకు పంపాం. ఈలోగా మీ రికార్డుకు డిజిటల్ తాళం వేయించుకోవడం మంచిది. తాళం ఉన్న రికార్డును వేరొకరు కాపీ చేయలేరు. తాళాన్ని అనుమతి లేకుండా పగలగొట్టడం నేరం. ఈ సందేశాన్ని తాళం వేసేవారికి తప్పక చూపించండి.

భవదీయురాలు,
లత

తా.క.: ఆదివారం ఇక్కడ సూర్యాపేటలోని మా వీధిలో జానమ్మ గారి గొంతు వినిపించింది. అసలా, నకలా అని చూడడానికి బయటికి వచ్చాను. ధర అడిగితే బండి దగ్గరి అబ్బాయి నేల చూస్తూ వేళ్లు చూపించాడు. అసలేనని నిర్ధారించుకుని రెండు కిలోలు కొన్నాను.

*

లత మేడం గారికి, నేల సూసినందుకు ఏమనుకోవద్దని సాంసన్ నమస్తే.

మీరు చెప్పినట్టే మిర్యాలగూడ పోయి అబ్రహామన్న మొబైల్ షాపుల తాళం ఏపిచ్చిన. నా డబ్బాల తప్ప ఇంకే డబ్బాల పెట్టినా అమ్మ గొంతు రాదు. దాని బదులు అబ్రహామన్న గొంతు వస్తది. "ఇది దొంగ సరుకు! పట్టుకోండి! పట్టుకోండి!" అని. అన్న చర్చిల ప్రకటనలు సదివేటోడు, గొంతు గట్టిది.

కోదాడోని కాడ ఉన్నది తాళం ఎయ్యకముందటి కాపీ. వాడు మంచిగనే తిప్పుకుంటుండు. నా డబ్బా మాత్రం నిన్న కాలిపోయింది. కొత్త డబ్బా కొని పెన్‌డ్రైవ్ పెట్టి బస్టాండ్ ఎనక గల్లీల ఒత్తిన. ఇగ సూడుండ్రి. "దొంగ సరుకు! పట్టుకోండి!" గల్లీ మొత్తం బయటికొచ్చింది. తారమ్మ అనే ముసలామె నా చొక్కా పట్టుకొని "గడ్డలు కూడ దొంగయేనారా?" అని అడిగింది. తలకాయ అడ్డం ఊపిన. ఆమెకు నిలువు ఊపినట్టు కనవడ్డదంట.

తాళం తియ్యమని అబ్రహామన్నకు మెసేజ్ పెట్టిన. "తీస్తే నేరమని మీ మేడం రాసింది నువ్వే సూపిచ్చినవ్ గదరా. మేడం పర్మిషన్ తే" అన్నడు. జర పర్మిషన్ ఇయ్యుండ్రి. రెండు బస్తాల గడ్డలు మొలకలొస్తున్నయ్.

మీ సాంసన్

మర్చిపోయిన: తారమ్మ ఒక కిలో తీసుకున్నది. దొంగ సరుకు గదా, సగం ధరకియ్యమన్నది.

*

సాంసన్‌కు, లత నమస్కారాలు.

నీ తాళాన్ని నువ్వే తీసుకోవడానికి అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు. హైదరాబాద్‌కు రాశాను. అక్కడివాళ్లు తాళం వేసిన రికార్డు మూడు కాపీలు అడుగుతున్నారు. తాళం ఉన్నందున కాపీ కాదని జవాబిచ్చాను. నా జవాబు పరిశీలనలో ఉంది.

అంతవరకు నువ్వే అరవవచ్చు. సొంత గొంతుకు ఎవరి అనుమతీ అక్కర్లేదని నియమాలన్నీ వెతికి నిర్ధారించుకున్నాను.

లత

తా.క.: కష్టమని తెలుసు. మొదట ఫోన్ చేసింది మా అటెండర్ కిష్ట్యా, నేను కాదు. ఈ ఉద్యోగంలో రాతపని తప్ప ఎవరితోనూ మాట్లాడే పని ఉండదన్నారని నేను చేరాను.

*

లత మేడం గారికి, అరిసి అరిసి గొంతు బొంగురువోయిన సాంసన్ నమస్తే.

మీ మెసేజ్ నాలుగుసార్లు సదివి బండి తీసిన. మనుషులను సూసుకుంట కాదు, ఒక గోడ దిక్కు తిరిగి కండ్లు మూసుకొని అరిసిన. ఏమరవాల్నో తోచలే. నోటికొచ్చింది అరిసిన. "ఉల్లిగడ్డలున్నయ్... కొనకున్నా ఏం కాదు... ఒకసారి సూసిపోండ్రి..." అని. గోడెనక కిటికీ తెరుసుకున్నది. ఒకక్క పడిపడి నవ్వి రెండు కిలోలు తీసుకున్నది. పక్కింటామె వచ్చి "మళ్లొకసారి అను తమ్మీ" అన్నది. సాయంత్రానికి ఒక బస్తా ఖతం.

తెల్లారి గడ్డలు దించే కాడ ఒకాయన ఫోన్ పెట్టి నా అరుపు రికార్డు చేసుకున్నడు. పెన్‌డ్రైవ్ తీసుకున్నాయనే. నేను వద్దనలే. ఈసారి సిగ్గయి కాదు మేడం.

రెండు రోజులకు అమ్మ ఫోన్. "కోదాడల నా గొంతు బందయిందిరా! గేటు కాడికి ఒక్కరొస్తలేరు. ఇప్పుడెవడో పోరని గొంతు తిరుగుతుంది. 'కొనకున్నా ఏం కాదు' అంటడు పాపం. పెద్ద సిగ్గుబోతోని లెక్కనే ఉన్నడు గని అరుస్తుండు సూడు. వాన్ని సూసి నేర్సుకో" అన్నది. గా పోరడు నేనేనని చెప్పలే. ఎప్పుడూ అరవను గదా, ఆమెకు అనుమానం రాలే.

నిన్న నెలాఖరు ఆదివారం అమ్మ ఇంటికొచ్చింది, చర్చి అయినంక మళ్ల నా బండెంట వచ్చింది. గల్లీ మొదట్ల నిలవడి గొంతు సవరించుకున్నది. నేను ఆగమని సెయ్యి సూపి, గోడ దిక్కు గాదు, ఇండ్ల దిక్కు తిరిగి నేనే అరిసిన. అమ్మ అట్లనే నిలవడ్డది. నన్ను మీదికెల్లి కిందిదాంక సూసింది. నెత్తి మీద ఒక్కటిచ్చి అన్నది:

"నేర్సుకోమంటే, ఆ కోదాడ పోరన్ని కాపీ కొడతవారా!"

మీ సాంసన్

మర్చిపోయిన: తాళం సంగతి ఇడిసిపెట్టుండ్రి మేడం. మా అమ్మకు మాత్రం ఒక నోటీసు పంపుండ్రి, అసలుది నేనేనని. పరిశీలనకు మూడు కాపీలు కావాలంటే కోదాడల దొరుకుతయ్.